కొండ మీద లెక్కపెట్టిన కాలం

1905 జూన్ ఆఖరున ‘అన్నాలెన్ డెర్ ఫిజిక్’ అనే జర్మన్ పత్రికకు బెర్న్ నగరం నుంచి ఒక వ్యాసం అందింది. రాసిన ఆల్బర్ట్ ఐన్‌స్టైన్‌కు అప్పటికి 26 ఏళ్లు, పేటెంటు కార్యాలయంలో మూడో తరగతి నిపుణుడి ఉద్యోగం. వ్యాసమంతా రెండు ప్రతిపాదనల మీద నిలిచింది. వేగం గానీ దిశ గానీ మార్చకుండా సాగిపోయే వాళ్లందరికీ భౌతిక నియమాలు ఒకటే. శూన్యంలో కాంతి వేగం, ఆ కాంతిని వెలువరించిన వస్తువు ఎంత పరుగులో ఉన్నా, ఒకటే.

మొదటిదాని మూలం గెలీలియోలోనే ఉంది. దాని పక్కన రెండోదాన్ని పెట్టగానే చిక్కు వస్తుంది. రైల్లోంచి ముందుకు విసిరిన బంతికి రైలు వేగం కలిసొస్తుంది. రైలు దీపం వెలుగుకు కలిసిరాదు. పట్టాల పక్కన నిలబడి కొలిచినా, రైల్లో కూర్చుని కొలిచినా సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లే. దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది వేగం. ఆ భాగఫలం అందరికీ ఒకటే కావాలంటే దూరమూ కాలమూ ఒక్కొక్కరికి ఒక్కో లెక్కలో ఉండక తప్పదు. ఈ ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం పేరు చెప్పి ‘అంతా సాపేక్షమే’ అని తేల్చేసేవాళ్లు ఐన్‌స్టైన్‌కు అన్యాయం చేస్తున్నారు. మారనిదాన్ని గట్టిగా పట్టుకున్నాడు కనుకనే ఏది మారుతుందో ఆయన చెప్పగలిగాడు.

ఇది కాగితం మీది తర్కం మాత్రమే కాదనడానికి అమెరికాలోని ఒక కొండ సాక్ష్యం చెబుతుంది.

అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పై వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు చివరికి మ్యూయాన్లనే కణాలు పుడతాయి. కదలకుండా ఉన్న మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. అంతలో కాంతి సైతం 660 మీటర్లకు మించి పోలేదు. మ్యూయాన్లు పుట్టేదేమో పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున. అయినా సముద్రమట్టం దగ్గర చాచిన అరచేతి గుండా నిమిషానికి వంద దాకా దూసుకుపోతూనే ఉంటాయి.

ఆ కొండ న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్, ఎత్తు సుమారు 1,900 మీటర్లు. భౌతిక శాస్త్రవేత్తలు డేవిడ్ ఫ్రిష్, జేమ్స్ స్మిత్ ఆ శిఖరం మీద ఇనుప దిమ్మెలు పేర్చి, వాటి కింద కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ ముక్కను అమర్చారు. మ్యూయాన్ వచ్చి అందులో ఆగితే ఒక మెరుపు. అది నశించి ఎలక్ట్రాన్‌ను విడిచినప్పుడు మరో మెరుపు. రెండింటి మధ్య ఎడం ఆసిలోస్కోపు తెర మీద కనబడేది. శిఖరం మీద గంటకు సగటున 563 లెక్కకు వచ్చాయి. కాంతి వేగంలో 99.5 శాతంతో కిందికి దిగడానికి 6.4 మైక్రోసెకన్లు పడుతుంది. కాలం అందరికీ ఒకే తీరుగా నడిచేదైతే కింద మిగలాల్సినవి సుమారు 27. అమెరికాలోనే ఉన్న కేంబ్రిడ్జిలో, దాదాపు సముద్రమట్టాన, లెక్కపెడితే సుమారు 410 వచ్చాయి! ఆ వేగంతో దిగుతున్న కణాల గడియారం దాదాపు తొమ్మిదో వంతు వేగంతో నడిచిందన్నమాట. వాళ్ల పరిశోధన పత్రం 1963లో వెలువడింది.

మరి మ్యూయాన్ వైపు నుంచి చూస్తే? దాని గడియారం దానికి మామూలుగానే నడుస్తోంది, ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. అయితే ఎదురొస్తున్న కొండ దానికి 1,900 మీటర్ల కొండ కాదు, దాదాపు 200 మీటర్ల గుట్ట. ఒకరు కాలం సాగిందంటారు, ఒకరు దూరం కుంచించుకుపోయిందంటారు. కింద తేలే లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. సిద్ధాంతం మొత్తంలో ఇంతకన్నా అందమైన చోటు లేదు.

1977లో యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ శాస్త్రవేత్తలు మ్యూయాన్లను వలయంలో తిప్పి, వాటి ఆయుష్షు 29 రెట్లు పెరగడం ఇంకా కచ్చితంగా చూపించారు.

మన దేశానికి ఈ సిద్ధాంతం తొందరగానే చేరింది. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టైన్ వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది. నేడు డిగ్రీ విద్యార్థులు ఈ సిద్ధాంతపు లోరెంజ్ సమీకరణాలు ఒప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటున్నారు. మెరిసే ప్లాస్టిక్, ఆ మెరుపును పసిగట్టే ఫోటోమల్టిప్లయరు, ఆసిలోస్కోపు ఉంటే మ్యూయాన్ ఆయుష్షును కాలేజీ ప్రయోగశాలలోనే కొలవవచ్చు. సమీకరణం రాయించే ముందు ఆ పని వాళ్ల చేత చేయించాలి.