మన ఉన్నత పాఠశాలలలో అమెరికా సాహిత్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయము తలుపులు మూయక నడచుట సామాన్యవిషయము కాదు. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆహ్వానించిన కార్యదర్శిగారికి కృతజ్ఞుడను. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఉన్నత పాఠశాలలలో ఆంగ్లము బోధించినవాడను గనుక నాకు తెలిసిన సంగతినే విన్నవించెదను. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమునందలి అమెరికా సాహిత్యమును మన పిల్లలకు ఎందుకు చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అనునదే ఆ సంగతి.

అమెరికావారు మన ప్రాంతమునకు కొత్తవారు కారు. హెయ్యరు అను అమెరికా లూథరన్ మిషనరీ 1842లోనే గుంటూరు చేరినాడు. ఆ మిషనువారి బడులలో మన పెద్దలు అనేకులు అక్షరములు దిద్దిరి. అయినను ఆంగ్లేయుల పాలనలో మన తరగతులలో వినబడినది ఆంగ్లదేశపు కవుల పేర్లే. హైదరాబాదులో అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రము 1964లో వెలసిన పిమ్మట ఉన్నతవిద్యలో ఆ సాహిత్యమునకు ఒక నిలయము ఏర్పడినది. ఉన్నత పాఠశాలకు మాత్రము అది ఒక కథగానో, ఒక పద్యముగానో వచ్చి, పరీక్షతోడనే వెడలిపోవుచున్నది.

దీనికి మొదటి కారణము సారాంశమును నమ్ముకొనుట. ఓ. హెన్రీ 1905లో వ్రాసిన పండుగ కానుకల కథను చూడుడు. భార్య తన జుట్టు అమ్మి భర్త గడియారమునకు గొలుసు కొన్నది. భర్త తన గడియారము అమ్మి ఆమె జుట్టునకు దువ్వెనలు కొన్నాడు. ఈ రెండు ముక్కలు వ్రాసిన పిల్లవానికి మార్కులు వచ్చును, కాని కథ రాదు. ఆ ఇల్లాలు ఒక డాలరు ఎనుబదియేడు సెంట్లను ముమ్మారు లెక్కించుటతో కథ మొదలగును. అచ్చట ఉపాధ్యాయుడు ఆగవలెను. పండుగ ముందునాడు తల్లి పోపులడబ్బాలోని చిల్లర మరల మరల లెక్కించుట చూడని పిల్లలు మన తరగతిలో ఎందరు? ఆ లెక్క తెలిసినవారికే ఆ కథ తెలియును.

ఇక రాబర్టు ఫ్రాస్టు. 1914లో వెలువడిన ఆయన సంపుటిలో ఇద్దరు ఇరుగుపొరుగు రైతులు కూలిన రాతిగోడను కలిసి బాగుచేసికొను పద్యమున్నది. ఒకనిది ఆపిలు తోట, వేరొకనిది దేవదారు వనము. మేయుటకు పశువులు లేని తావున గోడ ఎందుకని ఒకడు సందేహించును. రెండవవాడు తండ్రి నాటి మాటనే పట్టుకొని వదలడు. గట్టు తగవులు ఎరిగిన మన డెల్టా పిల్లలకు ఈ పద్యము చెప్పుటకు నిఘంటువు అక్కరలేదు. ఒక తరగతిలో ఒక రైతుబిడ్డ లేచి, "గట్టు లేకపోతే మడిలో నీరెట్లా నిలుస్తుందండీ? ఆ రెండోవాడు చెప్పిందే నిజం," అన్నాడు. గైడులో లేని సమాధానమిది. ఆ గోడ వేరు, ఈ గట్టు వేరు అని చెప్పుకొనుటకు ఆనాడు ఒక గంట పట్టినది. కవితో వాదమునకు దిగిన పిల్లవాడు కవిత్వమును చదివినట్లే.

"వేమన, జాషువా ఉండగా మనకు అమెరికా ఏల?" అని కొందరు పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దీనికి లాంగ్‌స్టన్ హ్యూస్ అను నల్లజాతి కవి చేత సమాధానము చెప్పించెదను. 1926లో వచ్చిన ఆయన తొలి సంపుటిలో ఒక చిన్న పద్యము కలదు. ఇంటికి అతిథులు వచ్చినపుడు నల్ల సోదరుని వంటింటికి పంపి అచ్చట తినుమందురు. అతడు నవ్వి, కడుపునిండ తిని, బలము పెంచుకొని, రేపు ఆ బల్ల వద్దనే కూర్చుందునని చెప్పును. ఈ పద్యము చదివిన దినమున తరగతి నిశ్శబ్దమైనది. కొంతసేపటికి వెనుకవరుసనుండి ఒక కుర్రవాడు, "మా తాతకి టీకొట్టులో గ్లాసు వేరేగా ఉండేదంటండీ," అన్నాడు. ముందువరుసవారు తలలు వంచుకొనిరి. మన వీధి పేరు పెట్టి చెప్పినచో తగవగు సంగతి, సముద్రముల కావలి కవి నోట వచ్చుటచేత ఆనాడు మాటగా వెలువడినది. మరునాడు అదే తరగతిలో జాషువాగారి గబ్బిలము చెప్పితిని. 1941 నాటి ఆ కావ్యములో గుడిలో అడుగిడరాని పేదవాడు తన మొరను శివునకు గబ్బిలముచేత పంపును. హ్యూస్‌ను విన్న చెవులతో పిల్లలు జాషువాను విన్నారు. పరసాహిత్యము మన సాహిత్యమునకు పోటీ కాదు. అది మనలను మన ఇంటికే మరల తెచ్చును.

కావున బోధనాక్రమము ఇట్లుండవలెనని నా మనవి. ముందు కథను తెలుగులో చెప్పవలెను. పిదప మూలమును బిగ్గరగా చదువవలెను. అటుపై, "మన ఊరిలో ఇట్టిది కలదా? ఉన్నచో భేద మెచ్చట?" అని అడుగవలెను. సారాంశము అన్నిటికంటె చివర, అదియు పిల్లలే వ్రాయవలెను.

ఇందులో గ్రంథాలయము చేయవలసిన పని పెద్దది. తెనాలి బిడ్డ చక్రపాణిగారు వంగభాష నేర్చి శరత్‌బాబు నవలలను తెనిగించిరి. శరత్తును తెలుగువాడే అనుకొన్న పాఠకులు ఎందరో. ఇల్లు చేరిన పుస్తకమునకు పరదేశమనునది లేదు. పాఠ్యపుస్తకములో ఒక పద్యమే ఉండును. ఆ కవి సంపుటి గ్రంథాలయములోనే ఉండవలెను. హెలెన్ కెల్లర్ 1903లో ప్రకటించిన స్వీయచరిత్ర, ఓ. హెన్రీ కథలు, ఫ్రాస్టు, హ్యూస్ కవితలు, వాని పక్కనే దొరికినంతవరకు తెలుగు అనువాదములు ఒక్క అరలో ఉంచుడు. ఆ అరకు తాళము వేయకుడు. పుస్తకము నలిగినదని పిల్లలను కోపింపకుడు. నలుగని పుస్తకము చదువని పుస్తకము.

వారమునకొక సాయంకాలము ఒక పెద్ద ఒక పిల్లవానిచేత ఒక కథ చదివించుకొని వినినచో చాలును. ఆంగ్లము రాని తాత అడుగు ప్రశ్నకు తెలుగులో సమాధానము చెప్పగలిగిననాడు ఆ మనుమనికి పాఠము వచ్చినట్లే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి అట్టి మనుమలు ఈ వేదికపై నిలిచి ప్రసంగింతురు గాక!