శూన్యానికి నకలు

అంబర్‌పేటలో మా మేడమీద కాపురముండే యువకుడొకడు దినమూ రామంతాపురం దాటి నాచారంలోని ఒక కార్యాలయానికి పోయి కంప్యూటర్ల నిర్వహణ చూస్తూ ఉంటాడు. ఒకనాడు బాగా పొద్దుపోయి వచ్చాడు. ఏమోయి అంటే, “సున్నలు మోసి మోసి అలసిపోయానండీ” అన్నాడు.

నేడు ఒకే యంత్రంలో పెక్కు కల్పిత యంత్రాలను నడుపుతున్నారు. వాటి డిస్కు నిజానికి ఒక ఫైలు మాత్రమే. పైకి నూరు గిగాబైట్లని చెప్పుకొన్నా, వ్రాసినది పన్నెండే అయితే అది ఆక్రమించే చోటు సుమారు అంతే. తక్కినదంతా రంధ్రం. చదువబోతే సున్నలే కనిపిస్తవి గాని, అవి ఎక్కడా వ్రాసి ఉండవు.

ఇట్టి డిస్కును వేరొక రూపానికి మార్చడానికి, 2003లో ఫాబ్రీస్ బెలార్ ప్రారంభించిన క్యూఎములో ఒక సాధనమున్నది. రంధ్రాలెక్కడున్నవో అది ఫైలు వ్యవస్థనే అడిగి తెలుసుకొంటుంది. లినక్సులో ఆ వీలు 2011లో వచ్చినది. వ్రాసియున్న సున్నలైనా సరే, వరుసగా 4096 బైట్లు ఉంటే వదలివేయగలదు. క్రొత్త ఫైలులోనికి మార్చేటప్పుడు ఇబ్బంది లేదు. ఇదివరకే ఉన్న డిస్కుపైకి మార్చేటప్పుడే చిక్కు. అక్కడ ఏమున్నదో సాధనానికి తెలియదు గనుక, సున్నలను కూడ వ్రాయించవలసినదే. మా యువకుని డిస్కు ఒక్క ఆజ్ఞతో శూన్యమయ్యే రకం కాదు. ఎనుబది ఎనిమిది గిగాబైట్ల సున్నలూ వ్రాయబడినవి.

నాకు మా టేపుల సంగతి గుర్తుకు వచ్చినది. నకలు తీసేటప్పుడు నిశ్శబ్దానికి కూడ కాలం పట్టేది. ఒకసారి, టేపు చెరిపినదేనన్న నమ్మకంతో, విరామాలవద్ద రికార్డింగు ఆపి టేపును ముందుకు నడిపాను. తీరా వింటే, గంభీరమైన ప్రసంగం నడుమ ఏదో పాత పాట చరణం!

ఇక్కడా అంతే. “గమ్యం ఇదివరకే శూన్యం” అని చెప్పడానికి ‘టార్గెట్ ఈజ్ జీరో’ అనే సూచన ఉన్నది. అది ఇస్తే సున్నలు వ్రాయడం తప్పుతుంది. కాని సాధనం పరీక్షించదు, మన మాట నమ్ముతుంది. మాట తప్పయితే, ఎవరో తొలగించిన పాత లెక్కలు క్రొత్త యంత్రంలో తేలవచ్చు. ‘డిస్కార్డ్’ చేశాము గదా అని ధైర్యపడరాదు. అది స్థలాన్ని విడిచిపెట్టడమేగాని, పిదప సున్నలే చదువబడునని అన్ని పరికరాలూ హామీ ఇవ్వవు.

మార్పిడి ముగిసిన పిదప రెండు డిస్కులను పోల్చి చూచే ఆజ్ఞ కూడ ఆ సాధనంలోనే ఉన్నది. దానికి మరికొంత కాలం పడుతుంది. ఆ కాలాన్ని మాత్రం మిగుల్చుకోవద్దని అతనితో చెప్పాను.