మత్తు విడుచుటకు మందు తోడు
(మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



కంఠమహేశ్వరస్వామికి మ్రొక్కి, ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల యడవియంచు గ్రామములనుండి విచ్చేసిన మీ యెదుట నొక కష్టవిషయమును మనవి చేయుచున్నాము. మనము మోకు, ముస్తాదులతో చెట్టెక్కి బ్రదికినవారము. గీతవృత్తివారు మత్తు మానుటనుగూర్చి మాటలాడుట తమ చెట్టును తామే నరకుకొనుట కాదా యని కొందరు నవ్వవచ్చును. కాని త్రాగుడుచే పాడైన సంసారములు మనలో లేవా? చెట్టెక్కువాని చేయి వణకినచో నేమగునో మనకంటె నెవరికి తెలియును?

మే మెరిగిన యొక సంసారపు సంగతి చెప్పెదము, పేరు చెప్పము. పాల్వంచకు ఆవల నొక పల్లెలో నొక గృహస్థు చిరకాలముగా త్రాగుచుండెను. మొదట కల్లు, పిదప ఇప్పసారా, తుదకు దుకాణపు బ్రాందీ. లేచినది మొదలు గ్లాసు లేక చేయి నిలువదు. ఆలుబిడ్డల కన్నీరు చూడలేక కార్తికమున అయ్యప్పదీక్ష వహించి, మాల వేసికొన్ననాడే త్రాగుట మానెను. ఇల్లెల్ల సంతసించెను. రెండవనాటి రాత్రి చేతులు వణకెను. మూడవనాడు గోడమీద పాములు ప్రాకుచున్నవని కేకలు వేసెను. పిదప మూర్ఛ వచ్చెను. దీక్షలో దోషము జరిగెనని కొందరు, గాలి సోకెనని కొందరు పలికిరి. భూతవైద్యుని యింట నొకదినము వ్యర్థమయ్యెను. తుదకు ఆస్పత్రికి చేర్చిరి గనుక ప్రాణము దక్కెను.

అది దైవకోపము కాదు. ఏండ్లతరబడి సారాయి మెదడును అణచుచుండగా మెదడు దానికి ఎదురొత్తుటకు అలవాటుపడును. అణచునది హఠాత్తుగా తొలగినచో నా యెదురొత్తుడే వణకుగను, భ్రాంతిగను, మూర్ఛగను బయలుపడును. రెండు మొదలు నాలుగు దినములలో నిది ప్రాణాంతకము గావచ్చును. వైద్యులు క్లోర్‌డయాజిపాక్సైడు వంటి మందును మొదట తగినంత యిచ్చి, దినదినము తగ్గించి మాన్పింతురు. మెదడు చెడకుండ థయమిను, అనగా బి1 విటమిను, నిత్తురు. కావున చిరకాలము త్రాగినవాడు మాల వేసికొనకముందే వైద్యుని దర్శింపవలెను. ఇట్లు చేయుట దీక్షకు భంగము కాదు, రక్ష.

కల్తీకల్లు విషయమును దాచుట ధర్మము కాదు. చెట్టు ఇచ్చిన కల్లు వేరు. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము కలిపిన నీరు వేరు. 2015 సంవత్సరమున నిజామాబాదు మొదలగు తావుల కల్తీకల్లు నిలిచిపోగా, దానికి అలవాటుపడిన కూలిజనము వణకుచు, పిచ్చిమాటలాడుచు ఆస్పత్రులు నింపిరి. అట్టి కల్తీ చేయువాడు మన వృత్తికి శత్రువు.

మానిన పిదప మరల త్రాగకుండుటకును మందులు కలవు. నాల్ట్రెక్సోను త్రాగినందువలని సుఖమును, ఆశను తగ్గించును. అకాంప్రొసేటు మానినవాని మెదడును కుదుటపరచును. ఈ రెండింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. డైసల్ఫిరాము వేరొక తీరుది. అది మింగినవాడు త్రాగినచో ముఖము కందును, గుండె దడించును, వాంతులగును. అమ్మలారా, అక్కలారా! దీనిని భర్తకు తెలియకుండ కూరలో కలుపవలదు. తెలియక త్రాగినవాడు మరణింపవచ్చును. తెలిసి మింగువాడును కల్లు, అరిష్టములు, సారాయి కలిసిన దగ్గుమందులు ముట్టరాదు.

నల్లమందుజాతి మత్తును మనవారికి క్రొత్త కాదు. నేడు కొందరు యువకులు నొప్పిబిళ్లలకు, కోడీను దగ్గుమందులకు లోబడుచున్నారు. వారికి నాలుకక్రింద నుంచు బ్యూప్రినార్ఫిను కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీనిని, మెథడోనును అత్యవసర ఔషధములుగా గుర్తించినది. “ఒక మత్తు మాన్పి వేరొక మత్తు పెట్టుటయా?” యని పెద్దలు అడుగుదురు. కాదు. తగిన మోతాదున నది మైకము నీయదు; బాధను, ఆశను అణచి మనిషిని పనికి పంపును. మధుమేహికి ఇన్సులిను ఎట్లో వీనికిది యట్లు. తొందరపడి మాన్పించినచో, తట్టుకొను శక్తి తగ్గినవాడు పాత మోతాదు మరల తీసికొని చనిపోవచ్చును. ఇట్టివారికి నాల్ట్రెక్సోను తొందరపడి యిచ్చినను యాతన పెరుగును. అందుచే వైద్యుడు లేక యే మందును వలదు.

మత్తువలన గలుగు మనోరోగము 2017 నాటి మానసికారోగ్య చట్టమున చేరియున్నది. రోగిని స్తంభమునకు కట్టుట, గొలుసులు వేయుట తగదు. 14416 నంబరునకు టెలిఫోను చేసినచో టెలి మానస్ వారు తెలుగులో మాటలాడుదురు.

ఆ గృహస్థు నేడు ప్రతి యుదయము భార్య యెదుట మాత్ర మింగుచున్నాడు. నడుమ నొక పెండ్లిలో తప్పి త్రాగెను. బంధువులు “మందు పనిచేయలేదు” అనిరి. ఆమె మాత్రము తిట్టక, మరునాడే వైద్యునికడకు గొనిపోయెను. జారిన మోకును సరిచేసికొని మరల చెట్టెక్కు కులము మనది. జారిన మనిషిని నవ్వక, చేయి యిచ్చి లేవనెత్తుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.