ఆ రోజు వచ్చింది వరదా, ముంపా?

(ముంపు మండలాల ఆదివాసీల సమావేశంలో చేసిన ప్రసంగం)



2022 జూలై 16 గురించి మాట్లాడమన్నారు. ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఆ రోజు గుట్ట మీదే ఉన్నారు, మీకు కొత్తగా చెప్పేదేం లేదు. కానీ మైదానం నుంచి వచ్చిన మిత్రులున్నారు, చదువుకునే పిల్లలున్నారు. వాళ్ల కోసం చెప్తాను.

గోదావరి పెద్ద వరద అంటే మనకు ఆగస్టు నెల. 86లో ఆగస్టే, 90లో ఆగస్టే. ఆ ఏడు జూలై రెండో వారానికే వచ్చేసింది. పైన ప్రాణహిత, ఇంద్రావతి నిండా వానలు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ మూడూ దాటాక ఇంక హెచ్చరికలుండవు, అంకెలే ఉంటాయి. 16న ఆ అంకె 71.3 దాకా పోయింది.

అయితే భద్రాచలం అంకె టీవీలో చెప్పే అంకె. మన సంగతి వేరే. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది కదా. గోదావరి నిండితే శబరికి పోయే దారుండదు, వెనక్కి ఎగదన్నుద్ది. నీళ్లు ఉరుకుతా రావు. వాగుల్లో నుంచి, పొలాల్లో నుంచి చప్పుడు లేకుండా ఎక్కుతాయి. ముందు రోడ్డు మునుగుద్ది. రోడ్డు పోతే ఊరు లంక అయినట్టే. తర్వాత కరెంటు, ఆ తర్వాత సెల్ టవర్. ఫోన్ లేకపోతే ఆ భద్రాచలం అంకె కూడా తెలియదు. అప్పుడిక పుల్లలే. నీటి అంచున పుల్ల గుచ్చడం, కాసేపాగి చూడటం, అది మునిగితే ఇంకోటి పైన గుచ్చడం. మా గుంపులో ఆ పని మా మేనత్త చేసింది. "పుల్లలు అయిపోయినయ్ రా, నీళ్లు అయిపోలే" అంది.

గుట్ట మీదికి ఏం తీసుకుపోయారని తర్వాత టౌన్‌లో ఒకాయన అడిగాడు. మేకలు, కోళ్లు, ఉన్న బియ్యం, బరకం. ప్లాస్టిక్ సంచిలో కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పోడు పట్టా. దేవుడి సామాను ముసలోళ్లు నెత్తిన పెట్టుకొచ్చారు. వానకి పొయ్యి అంటుకోదు. చుట్టూ సముద్రం లాగ నీళ్లు, తాగటానికి మాత్రం బరకం మీద పడ్డ వాన నీళ్లే. బాలింతను మంచం మీద పడవ దాకా మోశాం. పాముల సంగతి వేరే చెప్పాలా, అవీ ముంపు బాధితులే, వాటికీ గుట్టే దిక్కు.

నీళ్లు తగ్గాక సాయం అన్నారు. మన వైపు కుటుంబానికి రెండు వేలు, 25 కిలోల బియ్యం. అవతల తెలంగాణలో పది వేలు ప్రకటించారు. 2014 దాకా మనమూ ఖమ్మం జిల్లా వాళ్లమే. ఆ తేడా గురించి చాలామంది మాట్లాడారు, నేను అక్కడ ఆగను. నా గొడవ ఎంత ఇచ్చారన్నది కాదు. ఆ సాయానికి పెట్టిన పేరు మీద.

దాన్ని వరద సహాయం అన్నారు. ప్రకృతి వైపరీత్యం అన్నారు. ప్రకృతి అంటే ఎవర్నీ అడగడానికి ఉండదు. కానీ మన దిగువన 2021 జూన్‌లో పోలవరం దగ్గర గోదావరి పాత దారిని కాఫర్ డ్యామ్‌తో మూసి, నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. గేట్లు ఎత్తే ఉన్నాయి, అడ్డం లేదు అంటారు. ప్రాజెక్టు లేనప్పుడే 1986లో 75.6 అడుగులు వచ్చింది కదా అనీ అంటారు. వచ్చింది, నిజమే. పాపికొండల సందు ఇరుకు, పెద్ద వరదకు నీళ్లు అక్కడ ఎప్పుడూ బిగబడతాయి. అదీ నిజమే. అయితే 86 చూసిన పెద్దాళ్లు మన మధ్యే ఉన్నారు. అప్పుడు వచ్చినంత తొందరగా పోయాయి, ఈసారి కదలకుండా నిలబడ్డాయి అంటున్నారు. ఆ మాటకు జవాబు చెప్పకుండా 86 అంకె ఒక్కటే చూపిస్తే ఎట్లా?

ఇంక కాంటూరు. మొదటి దశలో 41.15 మీటర్ల దాకానే ముంపు, మిగతా ఊళ్లు 45.72 లెక్కలోకి వస్తాయి, తర్వాత చూద్దాం అన్నారు. ఆ రోజు నీళ్లు కాగితం మీద గీత చూసి ఆగలేదు. మొదటి జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి.

2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ఎవరి చేతనైనా చదివించుకోండి. సాగునీటి ప్రాజెక్టు అయితే, మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలని ఉంది. ఆరు నెలల ముందు! అంటే జూలై 16న మునిగిన ఊరికి జనవరికల్లా ఇల్లు, బడి, మంచినీళ్లు, భూమికి భూమి అన్నీ అయిపోయి ఉండాలి. ముంపు అని ఒప్పుకుంటే ఈ లెక్క చెప్పాల్సి వస్తుంది. వరద అంటే రెండు వేలతో సరి. పేరు దగ్గర పట్టు వదలొద్దు అంటున్నది అందుకే.

మన చేతిలో ఉన్న పని ఒకటుంది. పీసా గ్రామసభ పెట్టి, తీర్మానంలో రాయించండి. నీళ్లు ఏ రోజు ఊళ్లోకి వచ్చాయి, ఎవరి ఇంటి గోడకు ఎంతెత్తు ఎక్కాయి, ఎన్నో రోజుకు దిగాయి. అందరి సంతకాలు, వేలిముద్రలు ఉండాలి. ఒక కాపీ మన దగ్గరే పెట్టుకోవాలి. గోడ మీద మరక ఇంకా ఉన్న ఇళ్లుంటే సున్నం వేసే ముందు టేపు పెట్టి కొలిచి, ఫొటో తీయండి. రాసే వాళ్లు లేని ఊరికి మా కుర్రాళ్లు వస్తారు, కబురు పెట్టండి.