హరికేన్ విమానం నుంచి రాజ్‌భవన్ దాకా: ఇద్రిస్ హసన్ లతీఫ్ (1923–2018)



మిర్చి, పత్తి పండే గుంటూరు, ప్రకాశం సీమలో ఒక యుద్ధ వైమానికుడి మీద స్మారకోపన్యాసం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ నేలకు విమానం కొత్త చుట్టమేమీ కాదు. బాపట్ల దగ్గర సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది, అక్కడ క్షిపణులను ప్రయోగించి చూస్తారు. దొనకొండలో బ్రిటిష్ వాళ్ల నాటి విమానాశ్రయం ఉంది. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలు అత్యవసర రన్‌వేను పరీక్షిస్తుంటే, చుట్టుపక్కల ఊళ్ల జనం పనులు మానుకుని చూశారు.

ఎనభై ఏళ్ల కిందట ఇదే కోస్తా ఆకాశం వైపు చూసి వణికింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఆ ఏడాది జనవరిలోనే, నిజాం కాలేజీలో చదివిన పద్దెనిమిదేళ్ల హైదరాబాదీ కుర్రవాడు వాయుసేనలో అధికారిగా చేరాడు. అతనే ఇద్రిస్ హసన్ లతీఫ్. పుట్టింది 1923 జూన్ 9న.

బేగంపేటలో ఎగరడం నేర్చిన లతీఫ్‌కు మొదట కరాచీలో తీరరక్షణ పని అప్పగించారు. అక్కడ నడిపిన వాపిటి, హార్ట్, ఆడాక్స్ అప్పటికే పాతబడిన రెండంతస్తుల రెక్కల విమానాలు. పైలట్ నెత్తిమీద కప్పు కూడా ఉండదు. వాటిలో అరేబియా సముద్రం మీద తిరుగుతూ శత్రు జలాంతర్గాముల జాడ వెతకాలి. తర్వాత బ్రిటన్ పంపిన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయనకూ చోటు దక్కింది. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడిపి, 1944లో తిరిగొచ్చి బర్మా రంగానికి వెళ్లాడు. ఆయన పనిచేసిన ఏడో స్క్వాడ్రన్‌కు నాయకుడు పి.సి. లాల్. 1971 యుద్ధంలో వాయుసేనను నడిపించిన లాల్ ఈయనే.

బర్మా యుద్ధం కన్నా పెద్ద పరీక్ష 1947లో ఎదురైంది. దేశంతోపాటు వాయుసేన కూడా రెండుగా చీలింది. విమానాలు పంచారు, సామాను పంచారు, చివరికి మనుషులనూ పంచారు. ముస్లిం అధికారులు ఏ వైపో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆయన స్నేహితులు అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ వాయుసేనలోకి రమ్మని పిలిచారు. తర్వాతి కాలంలో ఆ ఇద్దరూ వరుసగా దానికి అధిపతులయ్యారు. మతం వేరు, దేశం వేరని లతీఫ్ వారికి జవాబిచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

అప్పటికి ఆయన సొంత ఊరు భారతదేశంలో భాగం కాదని గుర్తుంచుకుంటేనే ఈ నిర్ణయం బరువు తెలుస్తుంది. హైదరాబాద్ సంస్థానం కలిసింది 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత. రజాకార్ల రోజుల్లో నల్లగొండ వైపు నుంచి కృష్ణ దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చి తలదాచుకున్న కుటుంబాల కథలు పల్నాటి పెద్దలు చెప్పగా విన్నవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. ఆ గందరగోళంలో, హైదరాబాదు ముస్లిం కుటుంబానికి చెందిన పాతికేళ్లైనా నిండని యువకుడు భారత వాయుసేన యూనిఫాంలో నిలబడ్డాడు. 1950లో గణతంత్ర దినాన ఢిల్లీ మీదుగా సాగిన విమానాల వరుసకు నాయకత్వం వహించిందీ ఆయనే. అప్పుడు నడిపినవి టెంపెస్ట్ విమానాలు.

ఆపైన కాక్‌పిట్‌లో గడిపే కాలం తగ్గుతూ, ఫైళ్ల ముందు గడిపే కాలం పెరుగుతూ వచ్చింది. వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషేగా, అంటే మన రాయబార కార్యాలయంలో వాయుసేన ప్రతినిధిగా పనిచేశాడు. 1971 నాటికి వాయుసేన ప్రణాళికలు చూసే ఉన్నతాధికారి. యుద్ధం నడుస్తుండగా తూర్పు రంగంలోని స్థావరాలకు వెళ్లొచ్చాడు. 1978 సెప్టెంబరు 1న వాయుసేనాధిపతి అయ్యాడు. ఆ పదవి చేపట్టిన మొదటి ముస్లిం ఆయనే. పత్రికలు ఎక్కువగా రాసిందీ ఈ సంగతే. అయితే ఆయన పనిని తూచాలంటే జాగ్వార్ విమానాల దగ్గర ఆగాలి.

శత్రుభూభాగంలో లోపలి దాకా వెళ్లి దెబ్బకొట్టగల విమానం కావాలని వాయుసేన ఏళ్లతరబడి అడుగుతోంది. జాగ్వార్, మిరాజ్, విగ్గెన్‌లలో ఏది కొనాలన్న చర్చ తెగలేదు. ఇందులో కోట్ల ఖర్చుంది, విదేశాంగ విధానముంది, విగ్గెన్ ఇంజను మీద అమెరికా అభ్యంతరముంది. లతీఫ్ వచ్చాక ప్రభుత్వాన్ని ఒప్పించి ఆ ముడి విప్పాడు. 1979లో తొలి జాగ్వార్లు దేశంలో దిగాయి, తర్వాత బెంగళూరులో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) వాటిని తయారుచేసింది. మిగ్–23, మిగ్–25లు చేరిందీ ఆయన హయాంలోనే. ధ్వనికి రెట్టింపు మించిన వేగంతో పోయే నిఘా విమానం మిగ్–25ను 1981 ఆగస్టులో, పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, తాను స్వయంగా ఎక్కి చూశాడు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. కప్పులేని వాపిటితో మొదలైన ఉద్యోగం అలా ముగిసింది.

1982 మార్చిలో మహారాష్ట్ర గవర్నరయ్యాడు. గవర్నరు ఆజ్ఞలిస్తే ప్రభుత్వం నడవదు. నడిపేది ముఖ్యమంత్రి, మంత్రివర్గం. జీవితమంతా ఆజ్ఞల మధ్య బతికినవాడికి ఇది కొత్త క్రమశిక్షణ. కాలమూ నెమ్మదైనది కాదు. దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల సమ్మె అప్పటికే మొదలై రెండు నెలలు కావస్తోంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు, చాలామంది మళ్లీ మిల్లు ముఖం చూడలేదు. పత్తి పండించే మనకు ఆ కథ పరాయిది కాదు. 1984 మేలో భివండీలో మతకలహాలు చెలరేగాయి. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు పవర్‌లూమ్‌ల మీద బతికే పట్టణమది. ఆయన గవర్నరుగా ఉన్న మూడేళ్లలో ఇద్దరు ముఖ్యమంత్రులు పనిచేశారు.

ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ రాజ్‌భవన్ గోడల లోపలే ఉండిపోలేదు. ధారావి మురికివాడల్లో పేదల కోసం పనిచేశారు. 2009లో ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ఆమె తండ్రి నవాబ్ అలీ యావర్ జంగ్ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసినవాడు. మామగారు కూర్చున్న గవర్నరు కుర్చీలో అల్లుడూ కూర్చున్నాడు. 1985లో అది వదిలాక ఫ్రాన్స్ రాయబారిగానూ వెళ్లాడు. ఫ్రాన్స్ నుంచి తొలి మిరాజ్–2000లు మన దేశానికి వచ్చిన ఏడాది అదే. 1988లో ఆ బాధ్యత ముగించి హైదరాబాదులో స్థిరపడ్డాడు.

యుద్ధవీరుల గురించి మాట్లాడేటప్పుడు యుద్ధం దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటు. లతీఫ్ జీవితంలో రెండో ప్రపంచ యుద్ధం పట్టుమని నాలుగేళ్లు లేదు, ప్రజాసేవ నలభై ఏళ్లకు పైగా సాగింది. వాయుసేనాధిపతిగా మూడేళ్లే ఉండి, ముప్పై నలభై ఏళ్ల తర్వాతి పైలట్‌కు ఏం కావాలో ఆలోచించినవాడు. 2018 ఏప్రిల్ 30న హైదరాబాదులో 94 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినప్పుడు కూడా జాగ్వార్లు వాయుసేనలో ఎగురుతూనే ఉన్నాయి.

ఈ సభలోని విద్యార్థులకు ఒక విన్నపం. 1942 బాంబుల వేళను, 1948లో కృష్ణ దాటి వచ్చినవాళ్లను ఎరిగిన పెద్దలు మన ఊళ్లలో కొద్దిమందే మిగిలారు. ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, ఊరు పేరు, తేదీ వేసి కళాశాల గ్రంథాలయంలో దాచండి.