పసిపిల్లల బడిలో కార్తీక మాసం

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ డిసెంబరు 17న మనం ఇలా ఎందుకు చేరతామో మీకు తెలిసిందే. 1982లో ఇదే రోజున నకారాగారి కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతులు, కరువు భత్యం సంగతులు చెప్పడానికి నాకంటే తెలిసినవారు ఈ వేదిక మీద ఉన్నారు. నేను ముప్పై మూడేళ్ళు ఇంకా ఒకటో తరగతికి రాని పిలకాయలతో గడిపినదాన్ని. "టీచరమ్మా, మీరు పిల్లల సంగతి చెప్పండి, మాకూ కాస్త మార్పుగా ఉంటుంది" అని కార్యదర్శిగారు అన్నారు. కనుక పోయిన నెలలో నాకు కలిగిన ఒక చిన్న చికాకుతో మొదలుపెడతాను.

ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక ఇంగ్లీషు మీడియం శిశు పాఠశాలవారు నవంబరులో 'ఆటమ్ వీక్' జరుపుకుంటూ నన్ను చూడటానికి రమ్మన్నారు. పేరు చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. మంచి మనుషులు, పిల్లల్ని ప్రేమగానే చూస్తారు. నేను వెళ్ళిన రోజు వాన. గొడుగు మడిచి లోపలికి అడుగుపెడితే గోడనిండా చార్టు కాగితంతో కత్తిరించిన నారింజ రంగు మేపుల్ ఆకులు. ఇద్దరు పిల్లల నెత్తిన నల్లకాగితపు టోపీలు. ఒక నాలుగేళ్ళ పిల్ల చేతిలో రంగుల తోక విప్పిన పక్షి బొమ్మ ఉంది. "ఏం కోడి తల్లీ ఇది?" అన్నాను. తోకకేసి చూసుకుని "విసనకర్ర కోడి" అంది. పాపం, టర్కీ కోడిని అది ఎక్కడ చూసింది? తర్వాత పిల్లలంతా నిలబడి, ఇది ఆకులు రాలే కాలం, రైతులు పంట కోసే కాలం అనే అర్థం వచ్చే పాట ఇంగ్లీషులో చక్కగా పాడారు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. కిటికీ అవతల, ప్లాస్టిక్ గోతాలు నెత్తిన కప్పుకుని ఆడకూలీలు మోకాటిలోతు బురదలో వరినాట్లు వేస్తున్నారు.

నాకు నవ్వు రాలేదు. ఆ గదిలో ఒక్క పిల్లవాడు కూడా కిటికీకేసి చూడలేదు. అదీ నా చికాకు.

అయితే ఆ పాఠాన్ని నేను తీసిపారేయడం లేదు. అది పుట్టిన ఊళ్ళో చాలా మంచి పాఠం. నేను చూశాను కనుక చెబుతున్నాను. 2016లో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. మనవరాలికి అప్పుడు నాలుగేళ్ళు. దాన్ని ప్రీస్కూలులో దింపడానికి వెళ్ళి, నేనూ పిల్లల పంతులమ్మనే అని తెలిశాక వారానికి రెండు రోజులు లోపలే కూర్చునేదాన్ని.

అక్టోబరులో ఆ టీచరమ్మ పిల్లలకు తలా ఒక కాగితపు సంచీ ఇచ్చి చెట్లకిందికి తీసుకుపోయింది. ఏరుకొచ్చిన ఆకుల్ని నేలమీద పోసి, రంగుల వారీగా వేరుచేయమంది. అదయ్యాక చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా పేర్చమంది. ఆ తర్వాత ఆకుమీద పలచని కాగితం వేసి క్రేయాన్‌తో రుద్దించింది. ఈనెలన్నీ కాగితం మీద తేలితే పిల్లల మొహాలు చూడాలి! పగలు కురచై, చలి ముదిరేసరికి చెట్టు ఆకులోని పచ్చదనం తగ్గిపోతుంది, లోపల ముందునుంచీ దాగి ఉన్న పసుపు అప్పుడు బయటపడుతుంది అని రెండు మాటల్లో చెప్పింది. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. పసిపిల్లల దగ్గర ఎక్కడ ఆపాలో తెలియడం సగం విద్య.

గుమ్మడికాయతో ఒక వారం గడిచింది. నీళ్ళతొట్లో వేస్తే మునుగుతుందా తేలుతుందా అని ముందు పందెం వేయించింది. అంత బరువైన కాయ తేలేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. లోపలి గుజ్జు చేతులతో తీయించి, గింజలు కడిగించి, పదేసి చొప్పున కుప్పలు పెట్టించింది. లెక్కలు, సైన్సు, చేతివేళ్ళ కసరత్తు అన్నీ ఒక్క కాయలోనే అయిపోయాయి. మన ఇళ్ళలోనైతే దాంతో వడియాలు కూడా అయ్యేవి, అది వేరే మాట.

నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ వచ్చింది. 1621లో ప్లిమత్‌లో, ఇంగ్లండు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు తొలి పంట చేతికొచ్చాక చేసుకున్న విందును దానికి మూలంగా చెబుతారు. ఆ విందులో అక్కడి స్థానికులైన వాంపనోగ్ జాతివారూ ఉన్నారు. 1863లో లింకన్ దాన్ని దేశమంతటికీ ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారమని 1941లో చట్టం చేశారు. పక్కనున్న కెనడాలో చలి ముందే వస్తుంది, వాళ్ళ పండుగ అక్టోబరు రెండో సోమవారం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

టీచరమ్మ పిల్లల నెత్తిన ఈకల టోపీలు పెట్టలేదు. ఎందుకని అడిగితే, ఆ విందు తర్వాత వాంపనోగులు తమ నేలనే పోగొట్టుకున్నారు, 1970 నుంచి కొందరు స్థానికులు అదే రోజున ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తున్నారు, వాళ్ళను వేషం చేసి ఆడించడం నాకిష్టం లేదు అంది. పిల్లలకు మాత్రం, మొక్కజొన్న ఎలా వేయాలో కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ నేలవాళ్ళే నేర్పారని చెప్పింది.

ఆ తర్వాత గోడకు ఒక ఎండుకొమ్మ కట్టి, ఎవరికి థ్యాంక్స్ చెబుతారో ఒక్కొక్కరినీ అడిగి, కాగితపు ఆకుమీద రాసి తగిలించింది. ఒకడు తన కుక్కకన్నాడు. ఒకడు తన ముక్కుకన్నాడు, జలుబు తగ్గిందట. మా మనవరాలు "అమ్మమ్మ దోసెకి" అంది, అమ్మమ్మకి కాదు. చివరికి పిల్లలంతా కలిసి, రోజూ గది ఊడ్చే ముసలాయనకు తమ చేతి ముద్రలున్న కార్డు పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. శరదృతువు అంటే ఆశ్వయుజ కార్తీకాలు, నిర్మలమైన ఆకాశం, తెల్లని వెన్నెల, రెల్లుపూలు అని పుస్తకాలు చెబుతాయి. మన నెల్లూరు కోస్తాకు ఏడాది వానలో సగానికి పైగా ఆ రోజుల్లో వచ్చే ఈశాన్య ఋతుపవనంలోనే పడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సంక్రాంతికి ధాన్యం ఇంటికొస్తుంది. మన మాగాణిలో అప్పటికి చేలు పచ్చగానే ఉంటాయి, కోతలు ఫిబ్రవరి, మార్చి మాట. ఒకే రాష్ట్రంలో రెండు వందల మైళ్ళకే కాలం మారిపోతోంది. కెనడావాళ్ళు తమ చలిని బట్టి పండుగ తేదీ పెట్టుకున్నప్పుడు, మన బళ్ళో పాఠం మన వానను బట్టి ఉండకూడదా?

ఈ మాట అనే అర్హత నాకు పుట్టుకతో రాలేదు. ఒక పిల్లవాడు నేర్పాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంటుంది.

1989 నవంబరు 8, 9 తేదీలు మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. థాయిలాండును దాటి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చిన ఆ తుపాను కావలి దగ్గర తీరం దాటింది. నేను పనిచేస్తున్న బడి కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరిచారు. వచ్చిన పిల్లలు సగానికి సగం. నాకేమో పాఠాలు వెనకబడ్డాయన్న తొందర. ఋతువుల చార్టు గోడకు తగిలించి, "శరత్కాలంలో ఆకాశం ఎట్లా ఉంటుంది?" అని అడిగాను. 'నిర్మలంగా' అన్నది నాకు కావలసిన జవాబు. వెనక వరసలోంచి ఐదేళ్ళవాడు లేచి, "మా ఇంట్లో పడుకుంటే కనపడతా ఉండాది టీచర్" అన్నాడు.

పిల్లలు నవ్వారు. వెటకారం చేస్తున్నాడనుకుని నేను "కూర్చో" అని గద్దించాను. వాడు కూర్చున్నాడు. సాయంత్రం ఆయా చెప్పింది, వాళ్ళ ఇంటి కప్పు ఎగిరిపోయిందట. తండ్రి గ్యాంగ్‌మన్. ఆ రాత్రి ఇంటి దగ్గర లేడు, గాలివానలో పట్టాల మీద ఉన్నాడు. తల్లి ముగ్గురు పిల్లల్ని మంచం కింద పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుందట.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పిల్లవాడు ఆకాశాన్ని చూసి జవాబు చెప్పాడు. నేను చార్టు చూసి ప్రశ్న అడిగాను.

మర్నాడు చార్టు తీసేశాను. బడి వెనక నాటుబాదం చెట్టొకటి కూకటివేళ్ళతో పడి ఉంది. పిల్లల్ని దాని దగ్గరికి తీసుకుపోయాను. పదేసి ఆకులు కోసి పేర్చారు, వేళ్ళకు అంటిన మట్టి రంగులు చూశారు, మానును అడుగులతో కొలిచారు. ఎవరింట్లో ఏం పోయిందో, ఎవరు వచ్చి ఏం చేసిపెట్టారో ఒక్కొక్కరూ చెప్పారు. పొరుగింటివాళ్ళు అన్నం పెట్టారని ఒకరు, మామ తాటాకు తెచ్చాడని ఒకరు. ఆ పిల్లవాడు మా నాయన రైలును ఆపాడన్నాడు. నిజంగా ఆపాడో లేదో నేను విచారించలేదు. సాయంత్రం తండ్రి వాణ్ణి తీసుకుపోవడానికి వస్తే పిల్లలందరినీ నిలబెట్టి నమస్కారం చేయించాను. ఆయన బెదిరిపోయి, "ఏందమ్మా, నా కొడుకు ఏమన్నా తప్పు చేశాడా?" అన్నాడు. తప్పు చేసింది నేనని ఆయనతో అప్పుడు చెప్పలేకపోయాను.

పిల్లల బడి గురించి ఆలోచించిన పెద్దలంతా ఈ దారినే నడిచారు. 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మాంటిస్సోరి పిల్లవాడి చేతికి వస్తువు ఇమ్మంది. తారాబాయి మోదక్ 1945లో బోర్డీలో బాలవాడి పెట్టి, బడికి రాలేని పిల్లల కోసం బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకుపోయింది. వాకిలి అన్న ఆ మాటే 1975 అక్టోబరు 2న దేశమంతటా 33 ప్రాజెక్టులతో మొదలైన పథకంలో అంగన్‌వాడీ పేరుగా నిలిచింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళదాకా ఆటతో, వీలైనంతవరకు ఇంటిభాషలో నేర్పమంటోంది. కాగితాల మీద లోటేమీ లేదు.

థ్యాంక్స్ అనే మాట మన ఇళ్ళలో వాడుక తక్కువ, నిజమే. అమ్మ అన్నం పెడితే కృతజ్ఞతలు అంటే అమ్మ నవ్వుతుంది. కానీ ఆ పని మనకు కొత్త కాదు. మా నాన్నగారి చిన్నతనంలో దసరాకు అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని, వాళ్ళ చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులతో, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ వెళ్ళేవారు. గురువుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు. అది ఆశ్వయుజంలోనే కదా! అదే దసరాకు మీరు లోకో షెడ్డులో ఇంజనుకు పసుపు కుంకుమలు పెట్టి, అరటిపిలకలు కట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టేవారు. అన్నం పెట్టిన ఇనుముకు దణ్ణం పెట్టిన ఊరు మనది. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు సందడి పోయింది, ఆ గుమ్మడికాయ ముక్కల కోసం పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు మీలోనే నెరసిన తలలతో కూర్చున్నారు.

ఆ శిశు పాఠశాలవాళ్ళతో నేను తగవు పెట్టుకోలేదు. మీ పద్ధతి బాగుంది, ఆకు మాత్రం మార్చండి అన్నాను. మేపుల్ బదులు మన నాటుబాదం ఉంది. చలికాలం చివర దాని ఆకులు ఎర్రగా పండి రాలతాయి, క్రేయాన్‌తో రుద్దితే ఈనెలు అచ్చుగుద్దినట్టు వస్తాయి. నవంబరులో నాట్లు చూపించండి, కొలపాత్రలో వాననీళ్ళు పట్టించండి, మార్చిలో కోతకు తీసుకుపోండి అన్నాను. ఆ చిన్న టీచరమ్మ శ్రద్ధగా రాసుకుంది. "మరి థ్యాంక్స్ ఎవరికి చెప్పించమంటారు మేడమ్?" అని అడిగింది.

అందుకే ఈరోజు మీ ముందు నిలబడ్డాను. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత ఒక పూట నాకిచ్చారు. వానరాత్రుల్లో లాంతరు పట్టుకుని పట్టాల వెంట గస్తీ తిరిగినవాళ్ళు మీలో ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు వచ్చి, ఎర్రదీపం ఎప్పుడు చూపించారో, పచ్చదీపం ఎప్పుడు చూపించారో పిల్లలకు చెప్పాలి. ఎవరింటి అటకమీదైనా మూడు రంగుల చేతిలాంతరు ఉంటే తుడిచి తీసుకురండి. పిల్లలు పట్టుకుంటారు, కిందపడేసే ప్రమాదం కూడా ఉంది, ముందే చెబుతున్నాను. కింద కూర్చోవాల్సి ఉంటుంది కనుక మోకాళ్ళు బాగున్నవారైతే మేలు, లేకపోతే కుర్చీ వేయిస్తాను. రాదలచినవారు సభ అయ్యాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి. సెలవు.