తక్కువ తడులు - పొద్దుతిరుగుడు గింజ నాణ్యత

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం తరగతిలో పొద్దుతిరుగుడు ప్రసక్తి ఎందుకని కొందరికి తోచవచ్చు. మన సభ్యుల్లో చాలామందికి ఉన్నది ఒక్కటే బోరు. ఆ నీటిలోనే పశుగ్రాసం పెరగాలి, ఆ నీటిలోనే రబీ పంట పండాలి. మాఘమాసం వచ్చేసరికి బోరు పోసే ధార సన్నబడుతుంది. అప్పుడు గడ్డి మడికి పెట్టాలా, పువ్వుకు పెట్టాలా అని ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య వాదన వస్తుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ వాదన గురించే.

పాలకు, నూనెగింజకు చుట్టరికం కొత్తది కాదు. ఆనంద్‌లో పాలకు చేసిన పనిని నూనెగింజలకు కూడా చేయాలని జాతీయ పాడి అభివృద్ధి మండలి 1979లో నూనెగింజల సహకార పథకాన్ని చేపట్టింది. 1988లో ధార నూనె ఆ వరుసలోనే వచ్చింది. పొద్దుతిరుగుడు రష్యా రకాలతో 1969లో మన దేశానికి వచ్చి, 1993-94 నాటికి 25 లక్షల హెక్టార్లు దాటింది. తరువాత బాగా తగ్గిపోయింది. తగ్గడానికి ధర ఒక కారణం, చిలకలు ఒక కారణం, తాలు గింజ ఒక కారణం. ధర, చిలకల సంగతి పక్కన పెడతాను. తాలు గింజ మాత్రం చాలావరకు మన చేతిలో ఉన్న విషయం.

పొద్దుతిరుగుడు బెట్టకు తట్టుకునే పంట అని అందరూ అంటారు. అందులో సగమే నిజం. దీని వేరు లోతుకు దిగుతుంది కనుక నల్లరేగడిలో అడుగున ఉన్న తేమను లాక్కుని చెట్టు పచ్చగానే నిలబడుతుంది. చెట్టు నిలబడినంత మాత్రాన గింజ నిండదు. 90, 95 రోజుల సంకర రకం తీసుకోండి. 30, 35 రోజులకు నక్షత్రం లాంటి మొగ్గ కనబడుతుంది. పువ్వులో ఎన్ని గింజలకు చోటు ఉండాలో ఆ మొగ్గ దశకే చాలావరకు తేలిపోతుంది. 55 రోజుల ప్రాంతంలో పూత. ఆ చోట్లలో ఎన్నిటికి గింజ కట్టాలో అక్కడ తేలుతుంది. ఆ తరువాత మూడు, నాలుగు వారాలు గింజ పాలు పట్టి గట్టిపడే కాలం. గింజ బరువు, నూనె శాతం ఈ వారాల్లోనే నిర్ణయం అవుతాయి. పువ్వు అంచు నుండి మధ్యకు విచ్చుకుంటుంది, గింజ కూడా అదే వరుసలో నిండుతుంది. నీరు చాలనప్పుడు అంచు గింజలు తమ వాటా తీసుకుంటాయి, నడిమి గింజలు పస్తుంటాయి. పువ్వు నడుమ అరచేయంత తాలు కనబడేది అందుకే.

నడిమి తాలుకు నీరొక్కటే కారణం కాదనేది కూడా చెప్పాలి. తేనెటీగలు రాకపోయినా తాలు వస్తుంది. పూత రోజుల్లో పురుగుమందు కొట్టవద్దు. ఉదయం 9 నుండి 11 గంటల మధ్య, రోజు విడిచి రోజు, మెత్తని గుడ్డతో పువ్వును మృదువుగా రుద్దండి. ఆకర్షక పత్రాలు విచ్చే సమయంలో లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి చల్లండి.

ఇక చెక్క సంగతి. ఇటీవల ఒక సంఘంలో ఒక సభ్యుడు నన్ను గట్టి ప్రశ్న అడిగాడు. "అయ్యా, బెట్టకు నూనె తగ్గి మాంసకృత్తుల పాలు పెరుగుతుందంటారు. మేం చెక్క మేపేవాళ్లం. మాకది లాభమే గదా?" ఆయన విన్నది తప్పు కాదు. గింజ పాలు పట్టేటప్పుడు బెట్ట తగిలితే నూనె ఎక్కువగా దెబ్బతింటుంది, ఆ మేరకు పప్పులో మాంసకృత్తుల శాతం పెరిగినట్లు కనబడుతుంది. అయితే గానుగలోకి పోయేది పప్పు ఒక్కటే కాదు, పొట్టు కూడా పోతుంది. నిండు గింజలో పొట్టు సుమారు నాలుగో వంతు. నొక్కుపోయిన గింజలో పప్పు తగ్గుతుంది కాని పొట్టు తగ్గదు. అటువంటి గింజను పొట్టుతో సహా ఆడిస్తే చెక్కలో పీచు పెరుగుతుంది. గేదె ఆ చెక్క తింటుంది, కడుపు నిండుతుంది, పాలు మాత్రం పెరగవు. శాతం పెరిగిందని సంతోషించేలోగా ఎకరానికి వచ్చే బస్తాలు తగ్గిపోతాయి. పాలను కూడా మనం లీటర్లతో మాత్రమే కొలవం, వెన్న శాతం చూస్తాం గదా. గింజను కూడా అలాగే చూడండి. సంకర రకాల్లో మంచి గింజలు వంద లెక్కపెడితే 4 నుండి 6 గ్రాములు తూగుతాయి. ఇంట్లో త్రాసు లేకపోతే కంసాలి దగ్గర తూయించండి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,721 రూపాయలు. తాలు ఎక్కువైతే ఆ ధర అడిగే హక్కు మన నోట్లోనే చచ్చిపోతుంది.

అందువల్ల ఉన్న తడులను ఎప్పుడు పెట్టాలన్నదే అసలు విషయం. మూడు తడులకు నీరుంటే మొగ్గకు ఒకటి, పూతకు ఒకటి, గింజ పాలు పట్టేటప్పుడు ఒకటి. రెండే ఉంటే, నేల నల్లరేగడి అయితే, మొగ్గ తడి వదులుకుని పూత మొదట్లో ఒకటి, పాలు పట్టే దశలో ఒకటి పెట్టమంటాను. ఒక్కటే ఉంటే పువ్వు విచ్చే ముందు. ఎర్రనేలలో ఈ లెక్క పనికిరాదు. అక్కడ తేమ నిలవదు కనుక 8, 10 రోజులకొకసారి తడి ఇవ్వగలిగినంత మేరకే విత్తాలి. రెండెకరాలు విత్తి రెండింటినీ ఎండగట్టేకంటే ఒక ఎకరం నిండుగా పండించడం మేలు. నీరు మరీ తక్కువైతే చాలు విడిచి చాలు పారించండి. పువ్వు బరువెక్కాక గాలి ఉన్న రోజు తడి పెడితే చెట్లు ఒరిగిపోతాయి. పువ్వు వెనుక భాగం నిమ్మపండు రంగుకు తిరిగిందంటే ఇక తడి అవసరం లేదు, ఆ నీరు గడ్డికి మళ్లించండి.

మరి అంతవరకు గడ్డి మాటేమిటి? నేపియరు గడ్డి రెండు వారాలు వాడినా తడి తగిలితే మళ్లీ చిగురిస్తుంది. పూతలో ఎండిన పువ్వుకు తరువాత ఎంత నీరు పెట్టినా పోయిన గింజ తిరిగి రాదు. కనుక పూత నుండి మూడు వారాలు పువ్వుకే ముందు వంతు ఇవ్వండి. ఆ మూడు వారాలకు జొన్న చొప్పో వరిగడ్డో సంక్రాంతి నాటికే వామి వేసుకుని ఉండాలి. అది లేకుండా పువ్వుకు నీరు మళ్లిస్తే ఆ లోటు పాల డబ్బాలో కనబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. గడ్డికి నీరు ఆపినప్పుడు మడిలో లేత జొన్న ఉంటే దాన్ని కోసి మేపవద్దు, పశువును అటు తోలనూ వద్దు. బెట్టకు వచ్చిన లేత జొన్నలో నాము విషం చేరుతుంది. కడుపుబ్బి, నురగలు కక్కి, గంటలోపే పశువు పోవచ్చు. ఆ లక్షణాలు కనబడితే నాటువైద్యంతో కాలం గడపక వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి, దానికి విరుగుడు సూది ఉంది. పంట కాపాడబోయి పాడిగేదెను పోగొట్టుకుంటే ఏ లెక్కకూ అందని నష్టం.

గింజ దులిపిన పువ్వులను పొయ్యిలో పెట్టకండి. అవి ఒక మోస్తరు మేత. బాగా ఎండబెట్టి, నలగ్గొట్టి, దాణాలోనో చొప్పలోనో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయండి. వానకు తడిసి బూజు పట్టినవి మాత్రం పశువు ముందు వేయకూడదు, పెంటలో వేయాలి.